డప్పు ఏ ఫోల్డర్ల ఉంది తమ్మీ?

సూర్యాపేటల కిరాయింట్ల ఉండెటోడు అసలు డ్రమ్ సెట్టు కొంటే ఓనరు తెల్లారే ఖాళీ చెయ్యమంటడు. అందుకే ఫోక్ పాటలు చేసే మన పిలగాళ్ళు లాప్‌టాప్‌ల మోగే డ్రమ్ములనే నమ్ముకున్నరు. కోదాడ పోయినా, మిర్యాలగూడ పోయినా ఒకటే పంచాయితి: ఏది మంచిదన్నా?

సుపీరియర్ డ్రమ్మర్ 3 సంగతి సూడుండ్రి. 2017ల వచ్చింది. జార్జ్ మాసెన్‌బర్గ్ అనే పేరున్న ఇంజినీరు బెల్జియంల రికార్డు చేసిండు. మొత్తం దించుకుంటే 230 జీబీ. మన సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ పేరు వింటేనే వణుకుతది. 2022ల వచ్చిన ఈజీడ్రమ్మర్ 3ల బ్యాండ్‌మేట్ అని ఒకటున్నది. మన కీబోర్డు ట్రాకు అందుల పడేస్తే సరిపోయే బీట్లు అదే ఏరి పెడ్తది. అర్జెంటు పనికి మస్తు. అడిక్టివ్ డ్రమ్స్ 2 ఇంకా తేలిక. పైసల్లేనోళ్ళకు ఎంటీ పవర్ డ్రమ్ కిట్ ఉచితంగనే దొరుకుతది.

అన్నీ మంచియే గని, తెరిస్తే ఏమున్నయి? కిక్కు, స్నేరు, సింబల్. రెండేండ్లకోసారి దురాజ్‌పల్లిల జరిగే పెద్దగట్టు జాతర మీద పాట కట్టినోడు వీటితోని ఏం జేసుకోవాలె? ఆయనకు డప్పు గావాలె.

కాబట్టి నేనైతే జీబీలు సూడ. మన సౌండు మనం ఎక్కించుకోనిస్తదా లేదా, అదే అడుగుత. అడిక్టివ్ ఎక్కించుకోనియ్యదు. సుపీరియర్ ఎక్కించుకోనిస్తది, బ్యాటరీ 4 అనే సాఫ్ట్‌వేర్ గూడ. అంతదాక ఎందుకు, ఎఫ్ఎల్ స్టూడియోతోని వచ్చే ఎఫ్‌పీసీ సాలు.

ఇగ డప్పు రికార్డు చేసుడే అసలు పని. చిర్ర దెబ్బ వేరే, చిటికెన పుల్ల దెబ్బ వేరే. ఒక్కోటి మెల్లగ, నడుమ, గట్టిగ కొట్టించాలె. అట్ల ఒక్కో తీరుల మూడు నాలుగు సార్లు తీసుకోవాలె. ఒకటే దెబ్బను తిప్పి తిప్పి వాడితే టైపు మిషన్ కొట్టినట్టుంటది. డప్పు మంట మీద కాపంగనే ఖంగుమంటది, జరసేపైతే తోలు సడలి సౌండు దిగుతది. అందుకే నడుమ నడుమ కాపుకుంట ఒక్కపారే అన్నీ తీసుకోవాలె. తీన్‌మార్ రాసేటప్పుడు గ్రిడ్డును బీటుకు మూడు గళ్ళు పెట్టుకోండ్రి. నాలుగు గళ్ళల్ల ఆ ఊపు రాదు.

కొట్టే అన్నకు కూలి ముందే మాట్లాడుకోండ్రి, పాట కింద పేరు గూడ వెయ్యండ్రి. ఆయన ఒక్కపూట కొట్టిన దెబ్బలు మీ కంప్యూటర్ల ఎన్ని పాటలకు మోగుతయో ఆయనకు ముందే సెప్పాలె గదా.