బేరింగు నంబరు దాచే హక్కు ఎవరికీ లేదు



దమ్ము పని ముగిశాక పాత ట్రాక్టరు గేరుబాక్సు డ్రెయిన్ బోల్టు విప్పి చూడండి. ఆయిలు పాలు కలిపిన టీలా కారితే లోపల నీరు చేరినట్టే. ఎక్కువసార్లు కారణం అరిగిన ఆయిల్ సీలే. వెంటనే సీలు, ఆయిలు మారిస్తే చిన్న ఖర్చుతో పోతుంది. వదిలేస్తే బేరింగు, ఆపైన గేరు పళ్లు పోతాయి.

షోరూముకు వెళితే ఏమంటారు? "పాత మోడల్, సామాను రాదు, ఎక్స్ఛేంజికి ఇచ్చేయండి." అంటే మళ్లీ అప్పు, మళ్లీ కిస్తీలు!

బేరింగు అంచు తుడిచి నంబరు చూడండి. 6206 అని ఉంటే లోపలి రంధ్రం 30 మి.మీ., బయటి వ్యాసం 62, మందం 16. ఏ కంపెనీ తయారుచేసినా ఇదే కొలత. సీలుకూ అంతే: షాఫ్టు, బయటి వ్యాసం, మందం. ఈ అంకెలుంటే బేరింగుల షాపులో అడగొచ్చు.

మరి పార్ట్స్ బుక్కుల్లో వీటి బదులు కంపెనీ సొంత నంబర్లెందుకు? వాళ్ల డబ్బా, వాళ్ల ధరకే కొనాలని!

2022 జులైలో కేంద్రం రిపేరు హక్కుపై కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలనూ చేర్చింది. చట్టం మాత్రం తేలేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లోనే రైతుకు ఆ హక్కు ఇచ్చింది.

మన డిమాండ్ ఒక్కటే: ప్రతి ట్రాక్టరుకూ బేరింగు నంబర్లు, సీలు కొలతలు తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. అప్పటిదాకా పాత బేరింగు పారేసేముందు నంబరు, మోడల్ రాసి మండల సంఘానికి ఇవ్వండి. వాళ్లు దాచింది మనమే అచ్చేద్దాం.