పేరు తీసేస్తే సరిపోతుందా?

చాలా పల్లెల్లో కమ్మరి ఇల్లు ఒకటే ఉంటుంది. మంగలి ఇళ్లు రెండో మూడో. ఆ ఊరి గణాంకాల పట్టిక కులం, వయసు, చదువు, పెళ్లి వారీగా అచ్చయిందనుకోండి. కమ్మరి వరుసలో 'భర్తతో విడిపోయిన స్త్రీలు' అన్న గడిలో 1 అని ఉంది. ఆమె ఎవరో ఊళ్లోవాళ్లకు వేరే చెప్పాలా?

2027 జనగణనలో అందరి కులమూ రాసుకోబోతున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇదే మొదలు. గోప్యత మాటెత్తితే 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ చూపిస్తారు. మంచి సెక్షనే. మన వివరాలు రాసిన రికార్డును బయటివాళ్లు తీసి చూడటానికి వీల్లేదంటుంది. కానీ ఆ రికార్డులన్నీ కూడి వేసే పట్టికలో ఎంత చిన్న అంకె ఉండొచ్చో చెప్పదు. నా పేచీ అక్కడే.

పేర్లు కొట్టేస్తే చాలనుకుని అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1990ల్లో ఉద్యోగుల ఆస్పత్రి రికార్డులను పరిశోధకులకిచ్చింది. పుట్టిన తేదీ, పిన్‌కోడ్, ఆడా మగా అన్నవి మాత్రం ఉంచింది. లటాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొని, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీనే పుట్టినవాళ్లు అక్కడ ఆరుగురు. అందులో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్‌కోడ్‌లో ఆయనొక్కడే. గవర్నర్ గారి జబ్బుల చిట్టా దొరికిపోయింది. మన ఓటర్ల జాబితాలు ఎంత సులభంగా చేతికొస్తాయో చెప్పనక్కర్లేదు.

చిన్న అంకెల్ని చుక్కలతో కప్పేయవచ్చు కదా అంటారు. కింద మొత్తం వేసి ఉంటే కప్పిన అంకెను మూడో క్లాసు పిల్లాడు కూడా తీసివేతతో రాబడతాడు. అందుకని పక్క గడినీ కప్పాలి, దానికోసం మరొకటి. అమెరికా జనగణన శాఖ 2020లో ఇంకో దారి పట్టింది: రాష్ట్రాల జనాభాను ఉన్నదున్నట్టు ఉంచి, వీధుల స్థాయి లెక్కల్లో కావాలనే కాస్త తేడా కలిపింది. అలబామా రాష్ట్రం కోర్టుకెక్కింది. ఎక్కదూ మరి, తప్పని తెలిసీ అచ్చేసిన అంకెను నమ్మమంటే?

మనకున్న అసలు చిక్కు వేరు. ఎక్కువ దాచాల్సి వచ్చేది తక్కువ మంది ఉన్న కులాలనే. లెక్కల్లో కనబడాలని ఏళ్లుగా మొత్తుకుంటున్నదీ వాళ్లే. సంచార కులాల అంకెలు కప్పేస్తే వాళ్ల హాస్టళ్ల కోసం, ఇళ్ల స్థలాల కోసం ఏం చూపించి అడుగుతారు? అందుకే నా ఓటు ఇలా: కులాల మొత్తం సంఖ్యలు మండలం దాకా వేయండి. చదువు, పెళ్లి, వైకల్యం లాంటివి కులంతో కలిపితే జిల్లా దగ్గర ఆగండి. ఎన్ని తలల కన్నా తక్కువుంటే గడి మూస్తారో ఆ నియమాన్ని గణకుడు గడప తొక్కకముందే ప్రకటించండి. పట్టికలు అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడం కుదిరే పని కాదు.