ధూమశకటమునకు వర్ణాలంకారము

మా జఫర్‌గఢ్‌నకు రైలు లేదు. ఘనపురము స్టేషనునకు బోవలయును. 2023 జనవరి 15వ తేదీన సికిందరాబాదు, విశాఖపట్టణముల నడుమ వెలసిన వందేభారతము మొదట తెలుపు నీలములు దాల్చి, ఘనపురమున నిలువకయే సాగిపోయెడిది. ఆ యేటి సెప్టెంబరులో కాసరగోడు, తిరువనంతపురముల బండికి కాషాయవర్ణమును బూసిరి. రంగులిట్లు మాఱుచుండగా మేమును ఒకటి యూహింపరాదా?

మా బండి మేను చేర్యాల నకాషీ పటమువలె ఎఱ్ఱన. కిటికీల క్రింద పెంబర్తి యిత్తడివంటి పసుపుపట్టె. తెలుపు మాత్రము వలదు. బట్టలుదుకు చేతులకు హేతువు చెప్పనక్కఱలేదు.

ఇది వేడుక మాట. మా యసలు కోరిక వేఱొకటి గలదు. స్త్రీల పెట్టె యెచ్చట నిలుచునో చదువెఱుగని యమ్మ యెట్లు పోల్చుకొనును? చంకను బిడ్డ, తలపై మూట. ఈ కొననుండి యా కొనకు పరుగు. అంతలో బండి కదలును! బొంబాయి లోకలు బండ్లలో ఆడువారి పెట్టెలకు రంగుల వాలుచాఱలు తీర్చుట గలదు. మన దూరపు బండ్లలోను, గడపకు పసుపు పూసినట్లు, ఆ పెట్టె తలుపులకు నిలువెల్ల పసుపు పూసిన నేమి? వ్రాత చదువనక్కఱలేదు, బండి మలుపు తిరుగుచుండగనే కానవచ్చును. ఖర్చు ఒక డబ్బా రంగు.

మీరైన నే రంగు వేయుదురో మాకు వ్రాయుడు.