నల్ల బండిని ఎండల ఆరనియ్యకండి

పొలం పనులు ఇడిచిపెట్టి బండి కడుగుడు మీద ఇంత పెద్ద పోస్టు ఏందని నవ్వుకునేటోళ్లు నవ్వుకోండి, కని జెర చివరిదాక చదవండి. మన కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు ఏ ఊరికి పోయినా ఇంటి ముందట కనబడేది నల్ల బండే. స్ప్లెండరో, ప్యాషనో, షైనో, పేరు ఏదైనా రంగు మాత్రం నలుపు. దుమ్ము పడ్డా కనబడదని కొంటం. షోరూం నుంచి తెచ్చిన నాడు ట్యాంకుల మన ముఖం కనబడుతది. రెండేండ్లు గడిస్తే అదే ట్యాంకు మీద సున్నం చల్లినట్టు చుక్కలు, గీతలు. అమ్మబోతే కొనేటోడు ఇంజన్ చప్పుడు ఇనకముందే ట్యాంకు మీద చెయ్యి పెట్టి "కలర్ పోయింది కదనే" అంటడు. ఆ ఒక్క మాటతోటి రేటు పడిపోతది. మనకు బండి షోకు కాదు. మందు బస్తా మోసేది అదే, పాలు కేంద్రానికి పోసేది అదే, అవసరం పడ్డనాడు అమ్మితే చేతికి పైసలొచ్చేది కూడ అదే.

నేను చూసినకాడికి బండి రంగు తినేది కడగకపోవుడు కాదు. బోరు నీళ్లు కొట్టి, తుడవకుండ ఎండల ఆరబెట్టుడు. షాంపూ మంచిదా, సర్ఫ్ మంచిదా అని చర్చ పెడుతరు గని, ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నయో ఎవ్వరూ చూడరు. నీళ్లు ఆవిరై పోతయి. నీళ్లల్ల కరిగి ఉన్నది మాత్రం ఆవిరి కాదు, బండి మీదనే కూసుంటది.

మన కింద ఉన్నది ఎక్కువ గ్రానైటు రాయి. వాన నీళ్లు ఆ రాయి పగుళ్లల్ల ఏండ్ల తరబడి నిలిచి, అందులున్న కాల్షియం, మెగ్నీషియం, ఇసుక జాతి సిలికా కొంచెం కొంచెం కరిగించుకుంటయి. ఆదిలాబాద్ దిక్కు నల్లరేగడి కింద రాయి వేరు, కని అక్కడ కూడ బోరు నీళ్లల్ల సున్నం తక్కువేం కాదు. గీ నీళ్లనే స్కూల్ పుస్తకంల కఠిన జలం అన్నరు, మనం ఉప్పు నీళ్లు అంటం. మీ బోరు సంగతి తెలుసుకోవాలంటే ల్యాబు కంటే ముందు ఇంట్ల అడుగండి. కందిపప్పు ఎంత ఉడికించినా పలుకు పలుకు ఉంటుందా? సబ్బుకు నురుగు రాక తెల్లగ విరిగిపోతుందా? నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున తెల్ల పొర కడుతుందా? అయితే అదే పొర మీ ట్యాంకు మీద కూడ కడుతున్నట్టు లెక్క.

లెక్క చెప్త. తాగునీళ్లకు మన దేశ ప్రమాణం ఉన్నది, ఐఎస్ 10500 అంటరు. లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం దాక మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాక చెల్లుతది అని దాంట్ల రాసి ఉన్నది. 600 ఉన్న నీళ్లు పది లీటర్ల బకెట్ తీసుకుంటే ఆరు గ్రాములు, అంటే చెంచెడు సున్నపు పొడి. బకెట్ మొత్తం బండి మీద ఆగది, నిజమే. గ్లాసెడు ఆగినా వంద మిల్లీగ్రాముల పైనే. వారానికోసారి కడిగితే ఏడాదికి ఎంతయిందో మీరే చూసుకోండి.

చుక్క ఆరుడు కూడ ఒక పద్ధతి ప్రకారం అయితది. అంచుల కాడ ముందు ఆరుతది, నడుమ నీళ్లు అంచుకు పారుతయి, కరిగి ఉన్నదంతా అంచుకే చేరుతది. అందుకే టీ గ్లాసు పెట్టినకాడ గుండ్రం మరక పడ్డట్టు మచ్చ గాజు లెక్క కనబడుతది. తెల్ల బండి మీద కూడ ఇదే మచ్చ ఉంటది, కండ్లకు ఆనదు అంతే. నలుపు ఎండను గుంజుకుంటది గనుక ట్యాంకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతది, తుడిచే టైం కూడ ఇయ్యకుండ చుక్కలు అక్కడికక్కడే ఎండుతయి. ఎండాకాలం పన్నెండింటికి బండి కడుగుడంటే కడిగినట్టు కాదు, సున్నం ఏసినట్టు.

ఇగ మోటరు సంగతి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, సంతోషం. కని బోరు కాడ మోటరు పెట్టి పైపు బండి మీద ఇడిచిపెట్టి ఫోన్ మాట్లాడుకుంట నిలబడుడు నాకు నచ్చదు. బండికి రెండు బకెట్లు చాలు. ఎక్కువ నీళ్లు పోస్తే మచ్చలు పోవు. చివరికి ఆగేది ఏ నీళ్లు, వాటిని ఎంత తొందరగ తీసినం, గదే లెక్క.

నేను చెప్పే పద్ధతిల షాంపూ పాకెట్ తప్ప కొనేది ఏమీ లేదు. పొద్దుగాల ఎండ ఎక్కకముందు, లేకుంటే పొద్దూకినంక, వేపచెట్టు నీడకు బండి పెట్టండి. ఇంజను, సైలెన్సరు చల్లారాలె, కాలే ఇనుము మీద నీళ్లు కొట్టుడు మంచిది కాదు. ముందు ఊరికె నీళ్లు పోసి మట్టి నాననియ్యండి, రుద్దకండి. ఇది చాలామంది పాటించరు. మన కాడ క్వారీల రాతిపొడి, రామగుండం దిక్కు బూడిద టిప్పర్లు, బెల్లంపల్లి, మందమర్రి దిక్కు బొగ్గు దుమ్ము. రాతిపొడిల ఉండే ఇసుక రేణువు బండి పెయింటు కంటే గట్టిది. పొడి గుడ్డతోటి దుమ్ము దులిపితే సాన పట్టినట్టే, సన్న గీతలు పడుతయి. మచ్చలు ఆ గీతల్లకు పోయి కూసుంటే ఇగ రావు.

నానినంక రూపాయి షాంపూ పాకెట్ ఒకటి అర బకెట్ నీళ్లల్ల కలుపండి. బట్టల సబ్బు ఎందుకు వద్దంటున్న అంటే, సబ్బు ఉప్పు నీళ్లల్ల సున్నంతోటి కలిసి జిడ్డు తెట్టె కడుతది, అదొక కొత్త మచ్చ. షాంపూ అట్ల విరగదు. ట్యాంకు, హెడ్‌లైటు డూమ్, సైడ్ ప్యానెళ్లు ముందు, మడ్‌గార్డులు తర్వాత, రిమ్ములు, చైను కాడ ఆఖరికి. రిమ్ము తుడిచిన గుడ్డ మళ్ల ట్యాంకు మీదికి రావద్దు. కొబ్బరి పీచు, గిన్నెలు తోమే పీచు అసలే వద్దు.

షాంపూ పోయేదాక బోరు నీళ్లతోటే కడుగండి, పరవాలేదు. ఆ నీళ్లు ఆరకముందే ఆఖరి మూడు నాలుగు లీటర్లు మంచి నీళ్లు పోయండి. వాన నీళ్లయితే అంతకు మించింది లేదు. మొదటి వానకు స్లాబు మీది దుమ్ము పోనిచ్చి, తర్వాతి వాన నీళ్లు ఒక డ్రమ్ముల పట్టి మూత పెడితే చాలా రోజులు వస్తయి. వాన నీళ్లల్ల కరిగిన సున్నం దాదాపు ఉండదు. ట్రాక్టర్ బ్యాటరీల బోరు నీళ్లు పొయ్యకుండ డిస్టిల్డ్ వాటర్ ఎందుకు కొంటున్నం? గదే కారణం. ఎవరింట్లనన్న ఏసీ ఉంటే దాని పైపు నుంచి కారే నీళ్లు కూడ గసుంటియే.

భగీరథ నల్లా నీళ్ల సంగతి అడుగుతరు. 2016 ఆగస్టు 7న ఆ పథకం మొదలైంది, వచ్చేవి ఎక్కువగ నది, డ్యాం నీళ్లు గనుక బోరు కంటే సున్నం తక్కువుంటది. తాగే నీళ్లతోటి బండి మొత్తం కడుగుడు తప్పు, ఎవరు చేసినా అంట. కని ఆఖరికి రెండు చెంబులు పోసుకుంటే ఎవరి నోటికాడి నీళ్లు గుంజుకున్నట్టు కాదు. ఒకటి మాత్రం జాగ్రత్త. ఊర్ల వాటర్ ప్లాంటు పక్కకు కాలువల ఇడిచే నీళ్లు ఉత్తగ వస్తయని క్యాన్లల్ల పట్టుకొచ్చి కడుగుతున్నరు. శుద్ధి అయిన నీళ్లల్లకెళ్లి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లల్లనే ఉంటది, మీ బోరు కంటే అవి ఇంకా అన్యాయం.

కాకతీయ కాలువ గట్టున ఉన్నోళ్లకు వేరే చెప్పాలె. శ్రీరాంసాగర్ నీళ్లు ఇడిచినప్పుడు బండి కాలువ అంచుకు దించి కడుగుడు అలవాటు. నీళ్లు మెత్తనియే, ఒప్పుకుంట. కని ఆ సిమెంటు వాలు మీద నాచు ఉంటది, కాలు జారితే పట్టుకునే ఆసరా ఉండదు, ప్రవాహం నిలబడనియ్యది. పోరగాండ్లను అస్సలు పంపకండి. కావాలంటే మంచి తాడు కట్టి బకెట్‌తోటి తోడుకొచ్చి, ఒండ్రు అడుక్కు దిగినంక వాడుకోండి.

ఆఖరి నీళ్లు చల్లుడు కాదు, పోసుడు. చెంబుతోటి ట్యాంకు పైనుంచి మెల్లగ, ఒకే ధారగ పోస్తే నీళ్లు పొర లెక్క జారి కింద పడుతయి, చుక్కలు తక్కువ మిగులుతయి. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి కొడితే వేల చుక్కలు తయారైతయి. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క మచ్చ.

వెంటనే తుడవాలె. పాత నూలు లుంగీ, బాగ ఉతికి మెత్తబడ్డ ధోవతి, గుండీలు లేని బనియన్, ఏదైనా సరే. కొత్త బట్ట నీళ్లు తాగది. రెండు గుడ్డలు పెట్టుకోండి. ఒకటి తడిపి పిండింది, మొదట దాంతోటి నీళ్లు గుంజాలె. రెండోది పొడిది. గుడ్డను ట్యాంకు మీద పరిచి మెల్లగ లాగితే నీళ్లు దానికే పడుతయి, గుండ్రంగ గట్టిగ రుద్దుడు అవసరం లేదు. ఇగ అయిపోయిందని పోకండి. సైడ్ స్టాండ్, సెంటర్ స్టాండ్ మార్చి పది నిమిషాలు ఉంచితే, ట్యాంకు మూత సందు, సీటు కింద, స్టిక్కర్ అంచు, అద్దాల కాడ దాగిన నీళ్లు బయటికి కారుతయి. మంచిగ కడిగిన బండి మీద కూడ పొద్దున లేచి చూస్తే గీతలు ఎందుకున్నయంటే ఈ రెండోసారి తుడుచుడు మర్చిపోయినందుకే. తర్వాత చైను తుడిచి ఆయిల్ పెట్టండి, నాలుగడుగులు నడిపి బ్రేకు మెల్లగ రెండు మూడుసార్లు పట్టండి, తడి ఆరుతది.

ఇప్పటికే మచ్చలు పడ్డోళ్లు వెనిగర్‌ల సమానంగ నీళ్లు కలిపి, నీడల, చల్లటి ట్యాంకు మీద గుడ్డతోటి అద్ది, ఒక నిమిషంల కడిగెయ్యండి. సున్నం అయితే కరుగుతది. అయినా పోలేదంటే అది సిలికా మచ్చ కావచ్చు, వెనిగర్‌కు లొంగది. దానికి పాలిష్ పట్టాలె, అది తెలిసినోళ్ల చేతనే చేయించండి. వెనిగర్‌ను అల్యూమినియం మీద, క్రోమ్ మీద నిలువ ఉంచకండి. మ్యాట్ నలుపు బండ్లకు పాలిష్ ముచ్చటే లేదు, రుద్దినకాడల్లా మెరిసి ఇంకో రకం మచ్చ పడుతది.

డీజిల్ గుడ్డ గురించి నా అభిప్రాయం గట్టిదే. వాషింగ్ కాడ మెరుపు కోసం డీజిల్ కొట్టిస్తరు. మచ్చ పోలేదు, నూనె కింద దాగింది అంతే. ఊరు దాటకముందే ఆ జిడ్డుకు దుమ్మంతా పడుతది, రబ్బరు పాడైతది, బ్రేకు మీద పడితే ప్రాణం మీదికొస్తది. ఆ పైసలకు మైనం డబ్బా ఒకటి కొనుక్కొని, ఆరిన బండికి రెండు మూడు నెలలకోసారి పూస్తే చుక్క నిలువనే నిలువది.

మందు కొట్టే స్ప్రేయర్ పంపుతోటి బండి కడిగేటోళ్లు కూడ ఉన్నరు. ఆ ట్యాంకు ఎంత కడిగినా మందు అడుగు ఉంటది. చేతులకు, పక్కన ఆడుకునే పిల్లలకు మంచిది కాదు.

ఇంకొకటి. బండి మీద మచ్చ పెట్టే నీళ్లే మీ డ్రిప్పు పైపులల్ల కూడ పారుతున్నయి. డ్రిప్పర్ల మూతులు మూసుకుపోయేది ఈ సున్నంతోటే. 2,4-డి అమైన్ లాంటి కొన్ని గడ్డి మందులు ఇసుంటి నీళ్లల్ల కలిపితే పనితనం తగ్గుతది. మందు నకిలీదని షాపాయనతోటి కొట్లాడేముందు ట్యాంకు మీది మచ్చ చూడండి. మచ్చలు మస్తుగ పడుతున్నయంటే ఒక సీసల బోరు నీళ్లు పట్టుకొని జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రంల గాని, పొలాస పరిశోధన స్థానంల గాని, మీకు దగ్గరున్న కాడ అడిగి చూడండి.

దసరా దగ్గరికొస్తే ఆడోళ్లు పసుపు, కుంకుమ పెడుతరు, పెట్టాలె. పసుపు మీద సర్ఫ్ నీళ్లు పడితే ఎర్రగ మారుతది, భయపడకండి, అది సోడా గుణం. తడి పసుపు ట్యాంకు మీద ఎండల వారం ఉంచితే మాత్రం మరక పడుతది. జమ్మికి పోయి వచ్చినంక, తెల్లారి పొద్దుగాల నీడల కడిగి తుడిచెయ్యండి. బంతిపూల దండ కట్టిన దారం బిగువుగ ఉంటే హ్యాండిల్ తిరుగుడు ఆగుతది, బయలెల్లేముందు అది కూడ ఒకసారి చూసుకోండి.