బంజరని తలచిన నేల

ప్రభుత్వమునకు పన్ను రాని నేల పాలకుల కంటికి పాడునేలగనే కన్పట్టును. పైరు పండనిచోటును బంజరుగను, నీరు నిలుచుచోటును పనికిమాలిన చిత్తడిగను లెక్కలలో వ్రాసికొని, పిమ్మట దానిని బాగుచేయ బూనుకొనుట అన్ని దేశములందును గల యాచారమే. ఈ యాచారమున కెంతటి మూల్యము చెల్లింపవలసివచ్చునో తెలిసికొనగోరువారు బోర్నియో ద్వీపమున ఇండొనీషియాకు చెందిన మధ్య కాలిమంతాన్ రాష్ట్రమువంక చూడవలెను.

1984లో ఇండొనీషియా బియ్యమున స్వయంపోషకమైనది. పదేండ్లు గడచునప్పటికి మరల పరదేశముల బియ్యమున కెదురుచూడవలసివచ్చెను. అప్పు డధ్యక్షుడు సుహార్తో మధ్య కాలిమంతానులోని చిత్తడియడవులను కొట్టించి 10 లక్షల హెక్టారుల, అనగా దాదాపు 25 లక్షల యెకరముల, వరిపొలములు చేయవలెనని 1995 డిసెంబరులో ఆజ్ఞాపించెను. 1996లో పని మొదలయ్యెను. 4,000 కిలోమీటర్లకు మించి కాలువలు త్రవ్వబడినవి. జావానుండి వేలకొలది కుటుంబములు తరలింపబడినవి. తరతరములుగా ఆ నదులవెంట జీవించు దయాక్ జనుల మాటకు విలువ లేకపోయెను. నేల యెండినది, వరి పండలేదు. 1997లో ఎల్‌నినో మూలమున వానలు తప్పగా ఆ యెండిన నేలయే మండజొచ్చెను. 1998లో సుహార్తో పదవినుండి తొలగెను. తరువాతి ప్రభుత్వము పథకమును విరమించెను. కాలువలు మాత్రము మిగిలినవి.

వరి యేల పండలేదు? నేల యేల మండినది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఆ నేల పుట్టుకలోనే యున్నది.

అది మన యెరిగిన మన్ను గాదు. ఆంగ్లమున పీట్ అనబడు నా పదార్థము వేలయేండ్లుగా నీట మునిగి, పూర్తిగా కుళ్లక పేరుకొనిన యాకులును, వేళ్లును, మ్రాకులును. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తన దేహమును నిర్మించుకొనును. చెట్టు చచ్చిన పిమ్మట సూక్ష్మజీవులు దానిని జీర్ణించి ఆ వాయువును మరల గాలిలోనికి విడుచును. మామూలు నేలలో ఈ జమాఖర్చులు ఇంచుమించు సరిపోవును. నీరు నిలిచిన నేలలో ప్రాణవాయువు చొరలేదు గనుక జీర్ణక్రియ మందగించి ఖర్చుకంటె జమ కొంచెము మిగులును. ఆ మిగులు ఏడాదికి సుమారొక మిల్లీమీటరు మందము మాత్రమే. ఒక మీటరు పేరుకొనుటకు దాదాపు వేయేండ్లు పట్టును. ఇట్టి నేలలు భూతలమున నూటికి 3 వంతులే యైనను, ప్రపంచమందలి యడవుల చెట్లన్నిటిలోను గల కర్బనముకంటె నధికమైన కర్బనము వీనియందు దాగియున్నది.

చలిదేశములందు చలియే జీర్ణక్రియను మందగింపజేయును. అచ్చట స్ఫాగ్నమ్ అను నాచు తన యెండుబరువునకు పదునైదు, ఇరువది రెట్లు నీటిని పట్టియుంచును. వాననీటి లవణములను గ్రహించి బదులుగా ఆమ్లమును విడుచును. ఆ పులిసిన నీటిలో పెక్కు మొక్కలు బ్రదుకజాలవు. కుళ్లించు జీవులును వృద్ధిపొందజాలవు. కాలిమంతానులో చలి లేదు. అచ్చట ఎడతెగని వానలును, సులభముగ జీర్ణము గాని కొయ్యపదార్థముతో నిండిన చెట్లును ఆ నిధిని కాపాడుచున్నవి. వేల్స్ దేశమందలి బ్యాంగరులో క్రిస్ ఫ్రీమన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2001లో ఇందలి కీలకమును వెల్లడించిరి. మొక్కలనుండి వచ్చు ఫినాల్ ద్రవ్యములు నీట మునిగిన నేలలో నిలిచి, కుళ్లించు ఎంజైముల నణచివేయును. ఫినాలులను హరించు ఎంజైము పనిచేయుటకు ప్రాణవాయువు కావలెను. నీరు దిగి గాలి చొరబడినచో తలుపు గడియ తీసినట్లే యగును.

పోషకముల సంగతియు నిట్టిదే. మందమైన పీటునేలమీది యడవికి బాహ్యమునుండి వచ్చు పోషకములు ప్రధానముగ వానతో వచ్చునవియే. రాలిన యాకులోని నత్రజనిని, భాస్వరమును పైపై వేళ్లు మరల గ్రహించుచుండును. అడవి దట్టముగ నున్నది గనుక నేల సారవంతమని యెంచుట భ్రమ. చెట్లు కొట్టినతోడనే ఆ చక్రము తెగిపోవును. మిగులునది పులిసిన, నిస్సారమైన పదార్థము. కొన్నిచోట్ల దాని యడుగునగల బంకమన్ను గాలి తగిలినంతనే గంధకామ్లమును పుట్టించును. అట్టిచోట వరి యెట్లు పండును?

1997లో ఇండొనీషియా పీటునేలల, అడవుల మంటలవలన 81 కోట్లనుండి 257 కోట్ల టన్నులవరకు కర్బనము గాలిలో కలిసెనని సూసన్ పేజ్ ప్రభృతులు 2002లో అంచనా వేసిరి. ప్రపంచమంతయు ఏడాదిలో బొగ్గు, చమురు మున్నగువాని దహనముచే విడుచు కర్బనములో ఇది నూటికి 13 నుండి 40 వంతులకు సమానము. మంట లేకున్నను నష్టమాగదు. నీరు తీసిన నేల క్రుంగుచునే యుండును. ఇంగ్లండులోని హోమ్‌ఫెన్ అనుచోట 1851లో తల నేలమట్టమున నుండునట్లు పాతిన యినుపస్తంభము నేడు దాదాపు 4 మీటర్లు పైకి కన్పట్టుచున్నది. స్తంభము పెరుగలేదు, నేల తరిగినది.

మనుష్యుడు కాలువ త్రవ్వకున్నను వాతావరణము మారినచో ఇదియే జరుగును. కాంగో నదీమధ్యప్రదేశమున సుమారు 3,000 కోట్ల టన్నుల కర్బనము గల పీటునేలలున్నవని 2017లో తేలినది. పూర్వము వానలు తగ్గిన దీర్ఘకాలమున వేలయేండ్ల సంచయము క్షయించెననియు, సుమారు 2,000 సంవత్సరముల క్రిందట మరల పేరుకొన నారంభించెననియు 2022లో పరిశోధకులు ప్రకటించిరి. భూమి వేడెక్కుచున్న ఈ కాలమున నీటిని మన చేతులతో తీసివేయుట మంటకు ఆజ్యము పోయుటయే.

ప్రజలకు అన్నము పెట్టవలెనను కోరిక తప్పని యెవ్వరనగలరు? కోరిక ధర్మమైనంతమాత్రమున ఉపాయము సరియైనది కాజాలదు. 2015లో ఇండొనీషియాలో 26 లక్షల హెక్టారులు మండి, ఆ పొగ సింగపూరు, మలేషియాలను క్రమ్మినది. 2016లో పీటునేలల పునరుద్ధరణకు ప్రత్యేకసంస్థ యేర్పడి, కాలువలకు అడ్డుకట్టలు వేసి నేలను తడుపు పని చేపట్టబడెను. ఐనను 2020లో పాత పథకభూములలో కొంతభాగమును చేర్చికొని ఆహారక్షేత్రములను పేర సాగు మరల తలపెట్టబడినది. మండినచోటనే మరల విత్తుట వివేకమా?

ఇది మనకు సంబంధింపని పరదేశకథ యని పాఠకులు భావింపరాదు. పామాయిలును దిగుమతి చేసికొను దేశములలో భారతదేశమే ప్రథమము. ఆ నూనెలో అధికభాగము ఇండొనీషియా, మలేషియాలనుండియే వచ్చుచున్నది. అచ్చటి తోటలలో కొన్ని ఇట్టి నేలల నారబెట్టి నాటినవియే. చవుకగా లభించు నూనె వెలలో క్రుంగిన నేల వెల చేరియుండదు. కొనువారు ఏ నేలమీద పండినదని యడుగజొచ్చిననాడు అమ్మువారు సమాధానము చెప్పకతప్పదు.

ఒక నేలను బాగుచేయుదమని పూనుకొనుటకు ముందు అది యిప్పుడేమి చేయుచున్నదో విచారింపవలెను. కాలిమంతానులో ఆ విచారణ జరుగలేదు. వేలయేండ్లు కూడబెట్టిన మూలధనము బియ్యముకొఱకు వెచ్చింపబడినది, బియ్యమును రాలేదు.