ముళ్ళ పండు - పొరుగింటి కానుక

 

భర్త ఉద్యోగరీత్యా మలేషియాలో కాపురముంటున్న ఒక సోదరి మాకు లేఖ వ్రాశారు. పొరుగున ఉండే మలయ్ ముస్లిం మహిళ ఒక సాయంత్రం వారికి దురియన్ పండు తెచ్చి ఇచ్చారట. స్వదేశం నుండి వచ్చి ఉన్న అత్తగారు ఆమె ఎదుటనే ముక్కు మూసుకొని, దానిని గుమ్మం బయట పెట్టించారట. ఎలా కోయాలో ఎవరికీ తెలియక మర్నాడు ఆ పండు చెత్తబుట్ట పాలైంది. నాటి నుండి పొరుగావిడ పలకరింపు తగ్గింది. తినలేని పండును పారవేయడం పాపమా, ఆమె మనస్సును తిరిగి ఎలా గెలుచుకోవాలి అని ఆ సోదరి అడిగారు. బ్రతుకుతెరువుకై విదేశాలకు వెళ్ళిన మన కుటుంబాలెన్నిటికో ఇది ఉపకరించే ప్రశ్న కనుక ఈ నెల శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

మలయ్ భాషలో ‘దురి’ అంటే ముల్లు. దాని నుండే దురియన్ అన్న పేరు వచ్చింది. చూపునకు చిన్న పనసకాయలా ఉన్నా ఇది పనస జాతి కాదు. మన బూరుగు, పత్తి మొక్కల కుటుంబానికి చెందినది. మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్ దేశాలలో దీనిని ‘పండ్లలో రాజు’ అంటారు. మలేషియాలో జూన్ నుండి ఆగస్టు వరకు దీని ప్రధాన ఋతువు. అక్కడి తోటలలో పండును కోయరు. బాగా పండి తనంత తానే రాలినప్పుడు ఏరుకుంటారు. మేలు రకాల ధర సామాన్యులకు భారమే. అటువంటి పండును ఒకరు మన ఇంటికి తెచ్చి ఇచ్చారంటే, తమకు అత్యంత ప్రియమైన దానిని మనతో పంచుకున్నారన్న మాట.

అయితే దాని వాసన బహు ఘాటైనది. సింగపూర్‌లో మెట్రో రైలులోనికి దానిని తీసుకుపోవడం నిషేధం. ఆ ప్రాంతపు హోటళ్ళు అనేకం దానిని గదులలోనికి అనుమతించవు. కాబట్టి క్రొత్తవారికి అది గిట్టకపోవడంలో వింత లేదు, తప్పూ లేదు.

ఈ విషయంలో దైవప్రవక్త (స) జీవితంలో మనకు స్పష్టమైన మార్గదర్శకత్వం ఉంది. హజ్రత్ మైమూనా (ర) గారి ఇంట ఒకసారి వేయించిన బల్లి జాతి ఎడారి జీవిని వడ్డించారు. అదేమిటో తెలియగానే ఆయన (స) చేయి వెనుకకు తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (ర) అడిగారు. కాదనీ, తమ జాతివారి ప్రాంతంలో అది లేనందున తమకు మనస్కరించడం లేదనీ ఆయన (స) తెలియజేశారు. ఖాలిద్ (ర) దానిని తన ముందుకు జరుపుకొని, ప్రవక్త (స) చూస్తుండగానే తిన్నారు. తనకు అలవాటు లేనిదాన్ని ఆయన (స) తినలేదు. తినేవారిని వారించనూ లేదు, ఏవగించుకోనూ లేదు. ఆయన (స) ఏ ఆహారానికీ ఎన్నడూ వంక పెట్టలేదనీ, ఇష్టమైతే తినేవారనీ, లేకుంటే విడిచిపెట్టేవారనీ సహీహ్ హదీసులు చెబుతున్నాయి. రుచించకపోవడం మన చేతిలో లేదు. ముఖం చిట్లించకుండా ఉండడం మాత్రం మన చేతిలోనే ఉంది. పొరుగింటి స్త్రీ ఇచ్చే కానుకను, అది మేక గిట్ట అయినా సరే, చిన్నచూపు చూడరాదని ఆయన (స) ప్రత్యేకించి ముస్లిం స్త్రీలనే సంబోధించి హెచ్చరించారన్నది గమనార్హం.

ఇక పండును కోసే విధానం. చేతులకు దళసరి గుడ్డ చుట్టుకొని, కాడ క్రిందికి, అడుగు భాగం పైకి ఉండేలా పండును నిలపాలి. ముళ్ళ నడుమ పరికించి చూస్తే అడుగు నుండి కాడ వైపునకు సాగే సన్నని గీతలు, సాధారణంగా ఐదు, కనిపిస్తాయి. అవన్నీ అడుగున ఒకచోట కలుస్తాయి. అక్కడ దృఢమైన కత్తి మొనను కొద్దిగా దింపి మెల్లగా త్రిప్పితే తొక్క విచ్చుకుంటుంది. ఆపైన గీత వెంబడి రెండు చేతులతో విడదీయాలి. ముళ్ళ మీద అడ్డంగా నరకడం వల్ల కత్తి జారి చేయి తెగే ప్రమాదం ఉంది. లోపలి అరలలో లేత పసుపు రంగు తొనలు వెన్నలా మెత్తగా ఉంటాయి. పనసలోలాగా జిగురు అంటదు కనుక చేతికి నూనె రాసుకోనక్కరలేదు. గింజలను పచ్చిగా తినరాదు, ఉడికించి తింటారు.

పండును వరండాలోనో, కిటికీలు తెరచిన గదిలోనో వడ్డించడం మంచిది. మొదటిసారి తినేవారికి ఒక్క తొన చాలు. మిగిలిన తొనలను గట్టిగా మూతపడే డబ్బాలో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. దురియన్ ‘వేడి చేస్తుందని’ అక్కడివారు ‘చలువ చేసే’ మాంగోస్టీన్ పండును జతగా తింటారు. ప్రవక్త (స) పుచ్చకాయను ఖర్జూరంతో కలిపి, ఒకదాని వేడిని మరొకదాని చలువతో సరిచేస్తూ తినేవారన్న హదీసు ఇక్కడ గుర్తుకు వస్తుంది. తిన్న తరువాత ఖాళీ తొక్కలో నీరు పోసి, ఆ నీటితో చేతులు కడుక్కుంటే వాసన పోతుందని మలయ్ కుటుంబాల వాడుక.

పచ్చిగా తినలేనివారు వండుకొని చూడవచ్చు. కొబ్బరి పాలలో కొద్దిగా బెల్లం, చిటికెడు ఉప్పు వేసి కాచి, అందులో గుజ్జు కలిపి, ఆవిరిపై ఉడికించిన జిగురు బియ్యంపై పోసి తినడం అక్కడి సంప్రదాయం. ఇది మన పాయసాన్ని తలపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. 100 గ్రాముల గుజ్జులో సుమారు 150 కేలరీలు ఉంటాయి. చక్కెర, పొటాషియం ఎక్కువ కనుక మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి తినాలి. ఇక రెండవది: వెల్లుల్లి, ఉల్లి పచ్చిగా తిన్నవారు ఆ వాసనతో మస్జిద్‌కు రాకూడదన్న ఆదేశం ఉంది. కారణం వాసనే కనుక ఫుఖహాలు ఘాటైన వాసన గల ఇతర పదార్థాలకూ దానిని వర్తింపజేశారు. కాబట్టి జమాఅత్ నమాజుకు వెళ్ళే ముందు దురియన్ తినకపోవడమే మర్యాద.

సోదరీ! తినదగిన ఆహారాన్ని పారవేయడం ఇస్రాఫ్. దివ్య ఖుర్ఆన్ తినడానికీ త్రాగడానికీ అనుమతినిస్తూనే దుబారాను వారించింది. మీకు రుచించకుంటే తినేవారికి అందజేసి ఉండవలసింది. జరిగినదానికి అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోండి. అత్తగారిని నిందించకండి. ఆమెకు ఆ వాసన క్రొత్త. ఆమెను తినమని బలవంతపెట్టవలసిన పనీ లేదు. వీలైతే ఆమెనే వెంటబెట్టుకొని, మీ చేతి షీర్ ఖుర్మా తీసుకొని పొరుగింటికి వెళ్ళండి. మాకు ఈ పండు కోయడం తెలియదు, నేర్పించండి అని అడగండి. తనకు ప్రియమైన పండు గురించి నేర్చుకోవాలని వచ్చిన మనిషిని ఏ ఇల్లాలూ తిరస్కరించదు. పండు విప్పిన తరువాత బిస్మిల్లాహ్ చెప్పి మొదటి తొనను అక్కడున్న పసివారిలో అందరికంటే చిన్నవారికి ఇవ్వండి. ఋతువులో తొలి పండు తెచ్చినప్పుడు ప్రవక్త (స) బర్కత్ కోసం దుఆ చేసి, దానిని అక్కడున్న అతి చిన్న బాలునికి ఇచ్చేవారు.

అల్లాహ్ మన నాలుకలకు సంయమనాన్ని, మన దస్తర్‌ఖాన్‌లకు బర్కత్‌ను, మన పొరుగువారి హృదయాలలో మనకు చోటును ప్రసాదించుగాక. ఆమీన్.