సున్నపుసీమ - పగడపు దీవులు

అండమాను దీవులకు విహారార్థమై పోవు తెలుగువారు నేడు పెక్కురు. వీపున గాలిబుడ్డి కట్టుకొని, నీట మునిగి, పగడపు తోటలను చూచివచ్చి యా వింతను చెప్పుకొనుట వాడుకయైనది. ఇది కలవారి వినోదమేకాని, నందిగామ, జగ్గయ్యపేట మెట్టరైతునకు దీనితో నేమి పని యని కొందరడుగవచ్చును. పని కలదనియే మా యభిప్రాయము.

మునుగువానికి నీటి యొత్తిడికి తగినట్లు గాలినందించు సాధనమును 1943లో ఫ్రాన్సున కూస్తో, గాన్యాన్ అను నిరువురు కల్పించిరి. ఆ యేటనే డిసెంబరు 30వ తేదీన సుభాషచంద్రుడు పోర్టుబ్లెయిరున జాతీయపతాకము నెగురవేసెను. రంప పితూరీ వీరులను చెరబెట్టిన దీవులవి. 2018లో హేవలాకునకు స్వరాజ్ ద్వీపమని పేరిడిరి. మునక విహారమునకు నేడదియే ముఖ్యస్థానము. అచట పదుగురిలో నొకరికి మించి తెలుగు మాటలాడువారు. కావున నవి మనకు పరాయివి కావు.

పగడము రాయి కాదు, చెట్టు కాదు, ప్రాణి. దాని యొడలిలోని సూక్ష్మమైన పాచి సూర్యకాంతితో నాహారము వండిపెట్టును. అది సముద్రజలమునుండి సున్నమును గ్రహించి యిల్లు కట్టుకొనును. వేసవి నీటివేడికి మరియొక డిగ్రీ తోడై కొన్ని వారములు నిలిచెనా, ఆ పాచిని వెడలగొట్టి తెల్లబారును. వేడి తగ్గనిచో నాకలిచే చచ్చును. 2010లో అండమానులందు, 2024లో లక్షదీవులందు నిట్లే జరిగినది. సముద్రపుటడుగున నూటికొక పాలైన లేని యీ గట్లు జలచరజాతులలో సుమారు నాలుగవవంతునకు ఆశ్రయము.

ఇక మన సీమను చూడుడు. జగ్గయ్యపేట సున్నపురాయి, పగడములు పుట్టకమున్నే, యొక పురాతనసముద్రపు టడుగున పేరుకొన్నది. ధనంబోడు బౌద్ధస్తూపమునకు పూర్వులు సున్నపురాతినే చెక్కిరి. మనము దానిని కాల్చి సిమెంటు చేయుచున్నాము. కాల్చినపుడు రాతిలో నణగియున్న బొగ్గుపులుసు వాయువు వెలువడును, కొలిమిబొగ్గుది వేరు. లోకమున మానవులు విడుచు నా వాయువులో నూటికి 7, 8 పాళ్లు సిమెంటుదే. సముద్రమును వేడెక్కించుచున్నదియు నదియే. పగడము సున్నమును కట్టుచున్నది, మనము కాల్చుచున్నాము.

కర్మాగారములను మూయుడని మేము చెప్పుట లేదు. పెక్కు కుటుంబముల కూడు వానిలో నున్నది. కాని యిబ్రహీంపట్నపు విద్యుత్కేంద్రపు బూడిద చెంతనే యున్నది. దానిని కలిపినకొలది కాల్చవలసిన రాయి తగ్గును. ప్రభుత్వపు కట్టడములలో నట్టి సిమెంటునకే మొదటి స్థానమీయవలెను. దీవులలో మునుగువారి సంఖ్యకు మితి యుండవలెను. గట్లపై లంగరు పడరాదు.

పగడమును 2001లోనే వన్యప్రాణి రక్షణచట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. అయినను, 2022లో అనుమతి పొందిన గ్రేటు నికోబారు రేవునకై 16 వేలకు మించిన పగడపు గుంపులను పెకలించి వేరొకచోట నాటుటకు ప్రతిపాదించిరి. వేడెక్కుచున్న సముద్రమున వానికి చల్లని చోటేది? ఏలికలు దీనికి బదులీయవలెను. స్వరాజ్ ద్వీపమను పేరు నిలిచి, ఆ నీట ప్రాణము నిలువనిచో, ఆ పేరే మనల నెత్తిపొడుచును.